బోర్లా పడితే బొబ్బట్లు

మా అమ్మాయి పురిటికి వస్తోందని తెలియగానే నేను మొదట కొన్నది కిలో ఆవాలు. తాలింపులోకి కాదండీ, దిండులోకి. పాత మల్లుపంచె ముక్క ఉతికి ఆరేసి, చిన్న సంచిలా కుట్టి, అందులో ఆవాలు పోసి మూతి కుట్టేశాను. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు ఉండి తీరాలని మా అత్తగారు చెప్పేవారు. మా పిల్లలిద్దరి తలలూ గుండ్రంగానే ఉన్నాయి. ఆ ఘనత దిండుదేనని పాతికేళ్ళుగా చెప్పుకుంటున్నాను కూడా. ఆ తర్వాత పొత్తిగుడ్డలు, నాలుగు ఊలు కుల్లాయిలు, మెత్తటి బొంతలు రెండు. హాల్లో శ్లాబు కొక్కేనికి ఉయ్యాల కట్టటానికి నా పెళ్ళినాటి నూలు చీర ఒకటి తీసి పెట్టాను. తొలిచూలు పురుడు పుట్టింట్లో కదా, ఏ లోటూ రాకూడదని నా తాపత్రయం.

ఇవన్నీ ఫొటోలు తీసి బెంగళూరులో ఉన్న అమ్మాయికి పంపాను. అది బదులుగా ఒక ఫొటో పంపింది. చుట్టూ కమ్మీలున్న చిన్న మంచం, దాని మీద పల్చటి పరుపు, బిగించి కట్టిన దుప్పటి. అంతే. దిండు లేదు, బొంత లేదు, బొమ్మ లేదు.

"ఇదేందే, పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిలా ఉంది" అన్నాను ఫోన్ చేసి.

"అట్టాగే ఉండాలమ్మా. బిడ్డ తప్ప ఇంకేం ఉండకూడదు. ఉయ్యాల కూడా వద్దు."

ఉయ్యాల కూడా వద్దు అన్న మాట నాకు గుచ్చుకుంది. ఏం, మేం పిల్లల్ని పెంచలేదా? ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, కడుపుతో ఉన్న పిల్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను.

సరే, దాని మాట ప్రకారం మా ఊరి వడ్రంగిని పిలిచాం. కమ్మీకీ కమ్మీకీ మధ్య 6 సెంటీమీటర్లకు మించి సందు ఉండకూడదని అమ్మాయి చెప్పింది. అతను నవ్వాడు. "పిల్లాడేమన్నా కోడిపిల్లాండీ, సందులోంచి దూరిపోటానికి?" అన్నాడు. సందు ఎక్కువైతే ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కుంటుందని చెప్పాక మాత్రం నవ్వలేదు. బద్ద కొలిచి కొలిచి కొట్టాడు. తెనాలిలో పరుపులు కుట్టే అతనితో ఇంకో తంటా. బూరుగు దూది వేస్తానంటాడు. వద్దు, కొబ్బరి పీచుతో గట్టిగా చెయ్యి, చేత్తో నొక్కితే గుంట పడకూడదు, మంచానికీ పరుపుకీ మధ్య సందు మిగలకూడదు అన్నాను. "పసిబిడ్డకి ఇంత గట్టి పరుపా, మనసెట్టా ఒప్పుద్దమ్మా!" అని నన్ను రాక్షసిని చూసినట్టు చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒప్పలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మనవడు పుట్టాడు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఇంటికి తెచ్చిన రోజు రాత్రే గొడవ మొదలైంది. పాలు తాగి కాస్త కక్కాడు. నేను గబుక్కున వాణ్ణి పక్కకి తిప్పి, వీపుకి బొంత మడిచి ఆనించాను. అమ్మాయి లేచి బొంత తీసేసి మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టింది.

"పాలు పొరబోతే?"

"పొరబోవమ్మా. చూడు, ఊపిరి గొట్టం ముందు, అన్నం గొట్టం వెనక. వెల్లకిలా పడుకుంటే ఊపిరి గొట్టం పైన ఉంటది. కక్కిన పాలు పైకెక్కి అందులోకి పోవటం కష్టం. బోర్లా ఉంటేనే ఆ రెండూ తారుమారవుతాయి."

అరచేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. అర్థమైంది, నమ్మకం కుదరలేదు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమిరి, అప్పుడు వెల్లకిలా వెయ్యటం వరకు ఒప్పుకున్నాను. మర్నాడు కుల్లాయి దగ్గర గొడవ. పుట్టిన మొదటి గంటల్లో తలకి వెచ్చగా ఉండాలి, తక్కువ బరువుతో పుట్టిన వాళ్ళకైతే ఇంకా జాగ్రత్త కావాలి, అది డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి. కానీ నెల నిండిన పిల్లాడికి, మూసిన గదిలో, కుల్లాయీ స్వెట్టరూ వేసి పైన రెండు దుప్పట్లు కప్పితే వాడు ఉడికిపోతాడట. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమటగా ఉంటే ఎక్కువైనట్టే అంది. పెట్టి చూశాను. తడిగా ఉంది. నాకేమో జనవరి చలికి స్వెట్టరు మీద శాలువా!

సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, మావారి సిగరెట్టు మూడూ ఒకే రోజు గడప దాటాయి. సాంబ్రాణికి నేను బాధపడ్డాను, సిగరెట్టుకి పడలేదు. మా ఊరి దోమల సంగతి మీకు తెలుసు కదా, ఒక పక్క కాలవ, ఒక పక్క వరి పొలం. మంచం బయట నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి, వేలాడకుండా బిగించి దోమతెర కట్టారు మావారు. ఆ పని మటుకు బాగా చేశారు.

ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేడుక మానలేదు. అదొక్కటి నేను పట్టుబట్టాను. చీర ఉయ్యాల కట్టాం, పేరంటాళ్ళు వచ్చారు, పాటలు పాడారు, వాడు కళ్ళు తెరుచుకుని అందర్నీ చూశాడు. నిద్ర ముంచుకొచ్చే వేళకి అమ్మాయి వాణ్ణి ఎత్తుకుపోయి మంచంలో వేసింది. "ఉయ్యాల్లోంచి తీస్తారటే ఎవరైనా, నిద్దరపోయే బిడ్డని!" అని ఒకావిడ నా చెవిలో అంది. నేను కూరల గిన్నె సర్దుతున్నట్టు నటించాను.

అది కారణం తర్వాత చెప్పింది. చీర ఉయ్యాల్లో బిడ్డ వెన్ను విల్లులా వంగుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది. పెద్దవాళ్ళం మనమైతే మెడ ఎత్తుకుంటాం. రెండు నెలల బిడ్డకి మెడ నిలవదు, గాలి దారి అక్కడే నొక్కుకుపోతుంది. కాస్త ఎదిగి ఒత్తిగిలటం వస్తే ముఖం చీరలో పడుతుంది. అమెరికాలో 10 డిగ్రీలకు మించి ఏటవాలుగా ఉండే పిల్లల పడకలు అమ్మకూడదని 2022లో చట్టమే చేశారట. మన ఉయ్యాల ఆ లెక్కన ఎన్ని డిగ్రీలుంటుందో మీరే ఊహించుకోండి.

అయితే ఒక మాట చెప్పాలి. ఉయ్యాలని తిట్టటం నాకిష్టం లేదు. మా పుట్టిల్లు రేపల్లె దగ్గర. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు గట్టు మీద చెట్టు కొమ్మకి చీర కట్టి బిడ్డని అందులో వేసేవాళ్ళు. నేల మీద పెడితే పాము, జెర్రి, చీమలు, కుక్కలు. ఉయ్యాల వాళ్ళకి ముద్దు కోసం కాదు, కాపలా. ఇంట్లో కుంపటీ అంతే. పూరింట్లో సందుల్లోంచి చలిగాలి వచ్చేది, పొగ ఆ సందుల్లోంచే పోయేది. అదే కుంపటి ఇప్పుడు అద్దాల కిటికీలు మూసిన శ్లాబు గదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ కమ్మి తల్లీ బిడ్డా ఇద్దరూ లేవరు. ఇల్లు మారింది, మన చేతి అలవాటు మారలేదు. చదువుకున్న దేశాల వాళ్ళూ ఇందులో తప్పారు. అమెరికాలో డాక్టర్ స్పాక్ పుస్తకం 1946 నుంచి ఇంటింటా ఉండేదట. తర్వాత కూర్పుల్లో ఆయనే పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని రాశాడు, వాంతి అడ్డుపడుతుందన్న భయంతోనే, అచ్చం నాలాగే. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా వద్దంది. 1994 నుంచి వెల్లకిలా వెయ్యండని ఊరూరా ప్రచారం చేశారు. నిద్రలో పోయే పిల్లల సంఖ్య ఆ దశాబ్దంలో సగానికి పైగా తగ్గింది. మందు లేదు, సూది లేదు. పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే.

న్యూజిలాండ్‌లో మావోరీ ఆడవాళ్ళ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. బిడ్డని పక్కలో వేసుకోవటం వాళ్ళకీ మనలాగే ప్రాణం. మానెయ్యమంటే మానరు. అందుకని 2006 నుంచి ఆకు నారతో చిన్న బుట్ట అల్లి, తల్లి పక్క మీదే ఆ బుట్ట పెట్టి, బిడ్డని అందులో వెయ్యటం మొదలుపెట్టారు. వహకురా అంటారట. తల్లి చెయ్యి తగులుతూనే ఉంటుంది, తల్లి ఒళ్ళు మీద పడదు. చూడగానే నాకు మన పురిటి చేట గుర్తొచ్చింది. ఫిన్లాండ్‌లో 1938 నుంచి సర్కారే అట్టపెట్టెలో బిడ్డ బట్టలూ చిన్న పరుపూ పెట్టి ఇస్తోందట. ఆ పెట్టే బిడ్డకి తొలి పడక.

ఇంతా తెలుసుకున్నాక నేను చేసిన పని చెప్పాలి. చెప్పటానికి సిగ్గుగానే ఉంది.

వాడికి నలభై రోజులు దాటాయి. మూడు రాత్రులుగా వాడు పడుకోలేదు, అమ్మాయీ పడుకోలేదు. నాలుగో రాత్రి దానికి జ్వరం తగిలింది. రెండింటికి పాలిచ్చాక "నువ్వు పడుకో, నేను చూస్తా" అని వాణ్ణి హాల్లోకి తెచ్చాను. కాసేపు తిరిగాను. కాళ్ళు లాగాయి. సోఫాలో కూర్చుని గుండె మీద వేసుకున్నాను. వాడు పడుకున్నాడు. మంచంలో వేస్తే లేస్తాడేమో, ఐదు నిమిషాలాగి వేద్దాం అనుకున్నాను.

గుంటూరు వైపు వెళ్ళే రైలు కూతకి మెలకువ వచ్చింది. గుండె మీద బరువు లేదు. వాడు జారి, నా మోచేతికీ సోఫా మెత్తకీ మధ్య ఉన్నాడు. ముఖం మెత్తలోకి తిరిగి ఉంది. ఎలా లాగానో నాకు తెలియదు. లాగిన తర్వాత ఒక క్షణం వాడు ఏమీ చెయ్యలేదు. ఆ క్షణం నాకు ఇప్పటికీ పూర్తి కాలేదు. తర్వాత కెవ్వుమన్నాడు. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

గోడ గడియారం చూస్తే మూడూ పది. దాదాపు ముప్పావుగంట నిద్రపోయాను.

అమ్మాయికి చెప్పలేదు. పొద్దున పాలు కాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది, డెబ్బై ఏడేళ్ళు. వంటగది గడప మీద కూర్చుని నన్ను చూస్తూ, "రాత్రి సోఫాలో పడుకున్నావు కదే" అంది. చూసిందన్నమాట. అమ్మకి నిద్ర తక్కువ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇంకా తక్కువ. నా పిల్లలప్పుడు కూడా రాత్రిళ్ళు గోడకి ఆనుకుని కూర్చునేది. ముసలితనం అనుకునేదాన్ని. అప్పటికి ఆవిడకి యాభయ్యే అన్న సంగతి నాకు తట్టలేదు.

"నీ తర్వాత ఒకడు పుట్టాడు, తెలుసుగా" అంది.

తెలుసు. దివిసీమ ఉప్పెన 1977లో కదా, దానికి ముందు సంవత్సరం. నాకు నాలుగేళ్ళు. తమ్ముడు పుట్టి పోయాడని తెలుసు, ఎలా పోయాడని అడగకూడదని కూడా ఎలాగో తెలుసు.

"రెండున్నర నెలలు. పాలిచ్చి పక్కలో వేసుకున్నా. కోతల రోజులు, పొద్దస్తమానం కళ్ళం పని. తెల్లారి చూస్తే లేడు. పొరబోయిందన్నారు, దిష్టన్నారు. మీ నానమ్మ మాత్రం నేనే నలిపేశానంది. మీ నాన్న ఏమీ అనలా. ఔననీ అనలా, కాదనీ అనలా."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇద్దరం లేవలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మాయికి రెండూ చెప్పాను, నా సంగతీ అమ్మమ్మ సంగతీ. నన్ను తిడుతుందనుకున్నాను. వాణ్ణి ఒళ్ళో గట్టిగా పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి అమ్మమ్మ దగ్గర కింద కూర్చుంది.

"అమ్మమ్మా, దీనికి డాక్టర్లు ఒక పేరు పెట్టారు. సిడ్స్ అంటారు. ఏ జబ్బూ లేని బిడ్డ నిద్రలో పోతాడు, పరీక్షలన్నీ చేసినా కారణం దొరకదు. ఎక్కువ ఒకటో నెలకీ నాలుగో నెలకీ మధ్యే. పక్కలో వేసుకోకపోయినా పోయిన పిల్లలున్నారు. నీవల్లే అని ఎవరూ చెప్పలేరు."

"కాదని చెప్పగలరా?" అంది అమ్మ.

అమ్మాయి అబద్ధం చెప్పలేదు. "అదీ చెప్పలేరు" అంది. అమ్మ తల ఊపింది. అమ్మాయి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. యాభై ఏళ్ళ లెక్క ఒక మధ్యాహ్నంలో తేలుతుందని నేననుకోను. కానీ పోయిన ఆ పిల్లాడి గురించి మా ఇంట్లో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి.

నేను అప్పటిదాకా ఇదంతా మంచం, పరుపు, దిండు గొడవ అనుకున్నాను. అమ్మ మంచం సరిగ్గా లేక కాదు, పగలంతా కళ్ళంలో పనిచేసి రాత్రి ఒక్కతే మేలుకోవాల్సి వచ్చి ఒళ్ళు తెలియకుండా పడిపోయింది. నాకూ అదే జరిగింది. మంచం నాలుగడుగుల దూరంలో ఉంది, ఓపిక లేదు. అలిసిపోయిన మనిషికి ఏ పద్ధతీ గుర్తుండదు. సాయంత్రం మావారిని కూర్చోబెట్టి రాత్రిని మూడు ముక్కలు చేశాం. పది నుంచి ఒంటిగంట దాకా ఆయన, ఒంటిగంట నుంచి నాలుగు దాకా నేను, తర్వాత తెల్లవారేదాకా అమ్మ. పాలకి తప్ప అమ్మాయిని లేపకూడదు. శని ఆదివారాలు అల్లుడు వస్తే మొత్తం రాత్రి అతనిదే. ఎవరి వంతులో వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి, సోఫా నిషేధం. మావారు మొదటి రాత్రి సణిగారు, "ఆడవాళ్ళ పని" అని ఏదో అనబోయారు కూడా. మా అమ్మ ఆయన వంక చూసింది. అల్లుడి ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి. ఆయన కుర్చీ తెచ్చుకున్నారు.

ఇంట్లో అంతమంది లేని అమ్మాయిలు మీలో ఎందరో ఉంటారు. మా అమ్మాయి డాక్టరు చెప్పిన మాట ఒకటి మీకోసం. రాత్రి పాలిస్తూ కునుకు పడుతుందని భయంగా ఉంటే, సోఫాలోకో వాలుకుర్చీలోకో అసలు వెళ్ళొద్దు. అన్నిటికంటే ప్రమాదం అక్కడే. దిండ్లూ దుప్పట్లూ ముందే దూరంగా తీసేసి మంచం మీదే పాలివ్వండి, మెలకువ రాగానే బిడ్డని వాడి పక్కలోకి మార్చండి. ఆ పక్క మీ గదిలోనే, చేతికి అందేలా ఉండాలి, కనీసం ఆరు నెలలు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, నిద్రమాత్రలు వేసుకున్నా పక్కలో అసలు వద్దు. తల్లిపాలు కూడా ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయట.

తల ఆకారం సంగతి అడుగుతారని నాకు తెలుసు. మూడో నెలలో వెనక కాస్త చదునైంది. నేను ఆవాల దిండు వంక ఆశగా చూశాను కూడా. మెలకువగా ఉన్నప్పుడు, మనం ఎదురుగా ఉండి, రోజుకి కొన్నిసార్లు బోర్లా వెయ్యమన్నారు. మంచంలో తల పెట్టే దిక్కు రోజూ మార్చమన్నారు. చాప మీద బోర్లా వేసి మా అమ్మ గిలక్కాయ ఆడిస్తే వాడు తల ఎత్తి చూసేవాడు. చదును మెల్లగా సర్దుకుంటోంది.

ఏప్రిల్ నెలాఖరున, అట్లాగే చాప మీద వెల్లకిలా ఉన్నవాడు, ఎవరూ తాకకుండా, ఫ్యాను వంక చూస్తూ చూస్తూ బోర్లా పడ్డాడు. కింద చిక్కిన చెయ్యి తీసుకోవటం రాక ఏడ్చాడు. మా ఇంట్లో ఒకటే గోల. బోర్లా పడితే బొబ్బట్లు కదా! ఆ ఎండలో, కరెంటు పోతూ వస్తూ ఉండగా, సెనగపప్పు ఉడకేసి వీధికంతా బొబ్బట్లు చేశాను. ఆ రాత్రి నుంచి గుడ్డలో చుట్టటం పూర్తిగా మానేశాం. చేతులు కట్టేసి ఉంటే బోర్లా పడ్డవాడు ముఖం తిప్పుకోలేడు. వెల్లకిలాగానే పడుకోబెడతాం. అటూ ఇటూ రెండు వైపులా తనంతట తను తిరగటం వచ్చాక మటుకు, నిద్రలో తిరిగితే లేపి సరిచెయ్యక్కర్లేదట. మా అమ్మ వంతులో ఎలాగూ సరిచేసేది.

జూన్‌లో అమ్మాయి బెంగళూరు వెళ్ళిపోయింది. అక్కడ అల్లుడు వేరే మంచం కొన్నాడు. వడ్రంగి చేసిన మంచం మా హాల్లో ఖాళీగా ఉంటే, పక్కింటి కోడలు ఆరో నెల కడుపుతో వచ్చి, "ఆంటీ, అది మాకిస్తారా?" అని అడిగింది. కమ్మీలన్నీ గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూసి, పరుపు ఎండలో వేసి ఇచ్చాను. వాళ్ళ అత్తగారు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"మీ ఆవాల దిండు కూడా ఇవ్వకూడదూ, ఒక్కసారి వాడలేదు కదా?"

నేను జవాబు చెప్పేలోపే లోపల్నుంచి మా అమ్మ కేకేసింది.

"అది ఆవకాయలోకి పోయిందమ్మా. కావాలంటే కారం తగ్గాక ఓ గిన్నెడు పట్టుకెళ్ళు."